అడవి మార్చిలో కాలుతుంది, పని నవంబరులో మొదలుకావాలి

సంపాదకుడు గారికి నమస్కారం.

ఎండాకాలం వచ్చిందంటే నల్లమలలో కార్చిచ్చు అని జిల్లా పేజీలో వార్త వస్తుంది. కొండ మీద ఎర్రటి గీతలా మంట ఉన్న ఫొటో, సిబ్బంది శ్రమించి అదుపు చేశారని రెండు లైన్లు, అంతటితో అయిపోతుంది. ఆ వార్తలో తప్పేమీ లేదు. కానీ అడవి ఎందుకు కాలింది, కాలకముందు ఏం చేసి ఉండాల్సింది, ఆ పని ఎవరు ఏ నెలలో చేయాల్సింది అన్న సంగతి ఎక్కడా కనపడదు. నేను ఆత్మకూరు వైపు అడవి అంచు ఊళ్లో ఉంటాను, చాలా ఏళ్లు ఈ చుట్టుపక్కల బడుల్లో పాఠాలు చెప్పాను, నా దగ్గర చదువుకున్న పిల్లల్లో కొందరు ఇప్పుడు ఎండాకాలం ఫైర్ వాచర్లుగా, అంటే అడవిలో మంటలు కనిపెట్టి ఆర్పే కూలీలుగా పోతున్నారు. ఉత్తరం పొడవవుతుందని తెలుసు, అయినా దయచేసి పూర్తిగా వేయండి.

కార్చిచ్చు అనగానే టీవీల్లో ఉత్తరాఖండ్ చూపిస్తారు, మన వాళ్లు కూడా అది ఎక్కడో హిమాలయాల గొడవ అనుకుంటారు. ఫారెస్ట్ సర్వే ఆఫ్ ఇండియా వాళ్ల 2023 నివేదిక చూడండి. ఎన్నిసార్లు అగ్గి పడింది అన్న లెక్కలో ఉత్తరాఖండ్ ముందుంది, నిజమే. కానీ ఎంత విస్తీర్ణం కాలింది అన్న లెక్కలో దేశంలో మొదటి పేరు మన ఆంధ్రప్రదేశ్‌దే, 5 వేల చదరపు కిలోమీటర్లు దాటింది. తెలంగాణ మూడో స్థానంలో ఉంది, అక్కడ 4 వేలకు దగ్గరగా. రెండు తెలుగు రాష్ట్రాలూ మొదటి మూడింట్లో ఉన్నాయంటే ఇది అప్పుడప్పుడూ జరిగే ప్రమాదం కాదు, ఏటా వచ్చే సీజన్. వరదకు, తుఫానుకు ముందే మీటింగులు పెట్టే ప్రభుత్వాలు దీనికి మాత్రం మంట పడిందని శాటిలైట్ అలర్ట్ వచ్చాక పరిగెత్తడమే ప్లాన్ అనుకుంటున్నాయి. నా ఫిర్యాదు అంతా దాని గురించే.

మా అడవిలో ఏం కాలుతుందో చెప్తాను, ఎందుకంటే అది తెలియకుండా ఏ ప్లానూ రాయలేం. నల్లమల ఆకురాల్చే అడవి. సంక్రాంతి దాటగానే టేకు, నల్లమద్ది, తునికి, ఏగిస ఒకదాని వెనక ఒకటి ఆకు దులుపుతాయి, శివరాత్రి నాటికి చీలమండ మునిగేంత ఆకు ఉంటుంది, అడుగేస్తే పెళపెళమని చప్పుడు. గట్ల మీద బోదగడ్డి మనిషెత్తు పెరిగి చలికాలంలోనే ఎండిపోయి నిలబడి ఉంటుంది. వెదురు పూత పూసి చచ్చిపోయిన చోట పొదలు పొదలుగా ఎండు బొంగులు పడి ఉంటాయి, అవి అంటుకుంటే రాత్రంతా ఆరవు. దారుల పక్కన, చెట్లు కొట్టిన పాత కూపుల్లో లంటానా అనే పరాయి పొద అల్లుకుపోయింది, దాని కింద గడ్డి మొలవదు, అది మాత్రం ఎండితే బాగా మండుతుంది. ఈ నాలుగూ నాలుగు రకాలుగా కాలతాయి, వీటికి చేయాల్సిన పనీ వేర్వేరు. రాలిన ఆకు ఏడాదికి ఒకసారి కొత్తగా వస్తుంది, కాబట్టి దాని పని ఏటా చేయాల్సిందే. ఎండు వెదురు, లంటానా ఏళ్ల తరబడి పేరుకునేవి, వాటికి మూడేళ్లో ఐదేళ్లో పట్టే పని వేరుగా ఉండాలి. ఏ బీట్‌లో, అంటే ఒక్కో గార్డు చూసే అడవి ముక్కలో, ఏది ఎక్కువ ఉందో బీట్ ఆఫీసరుకు, వాచరుకు, చెంచులకు నోటికి తెలుసు. అది ఒక మ్యాపు మీదకి ఎక్కితే చాలు, సగం ప్లాన్ అయినట్టే.

మన అడవిలో మంట చెట్ల తలలకు ఎక్కదు, నేల మీద మోకాలెత్తున పాకుతూ పోతుంది. పెద్ద మాన్లు మొదట్లో నల్లబడి నిలబడే ఉంటాయి, వానలు పడగానే అంతా పచ్చగా కనపడుతుంది. అందుకే చాలామంది, కొందరు పెద్ద ఆఫీసర్లతో సహా, ఆకే కదా కాలింది, ఏం పోయిందని అంటారు. ఏం పోయిందో చూడాలంటే కాలిన చోట వంగి ఒక ఏగిస మొక్కో నల్లమద్ది మొక్కో చూడాలి. పైన కాడ చూపుడు వేలంత ఉంటుంది, చుట్టూ మట్టి తవ్వితే కింద వేరుదుంప పిడికెడు లావుంటుంది. ఏటా మంటకు పై కాడ కాలిపోవడం, వానకు మళ్లీ వేరు నుంచి చిగురించడం, మళ్లీ ఎండాకాలం కాలిపోవడం. ఎన్నో ఏళ్ల వయసున్న చెట్టు మోకాలి ఎత్తు దాటలేదు. రెండు మూడేళ్లు వరసగా మంట పడకుండా ఉంటే అది తలెత్తి మంటకు అందనంత పెరుగుతుంది, ఆ రెండు మూడేళ్లు దానికి దొరకడం లేదు. పెద్ద మాన్లు ముసలివై పోతున్నాయి, వాటి తర్వాత నిలబడాల్సిన తరం నేలలోనే ఉండిపోయింది. ఇక కాలిన గట్టు మీద మొదటి వాన పడితే నల్లటి నీళ్లు, మట్టి, బూడిద కలిసి వాగుల్లోకి, అక్కడి నుంచి శ్రీశైలం జలాశయంలోకి పోతాయి. డ్యాములో పూడిక గురించి ఇంత మాట్లాడుకుంటాం, పైన కాలే కొండల గురించి కూడా ఆ మాటల్లో రావాలి కదా.

మరి అస్సలు అగ్గే పడకూడదా అంటే, నేనలా అనడం లేదు. అమెరికా వాళ్లు సరిగ్గా ఆ పంతం పట్టి దెబ్బతిన్నారు. 1935లో వాళ్ల ఫారెస్ట్ సర్వీస్ ఒక రూలు పెట్టింది, ఎక్కడ మంట కనపడినా మర్నాడు పొద్దున 10 గంటల లోపు ఆర్పేయాలని. దశాబ్దాల పాటు చిన్న మంటలన్నీ ఆర్పేసరికి, అంతకుముందు అప్పుడప్పుడూ కాలి పలచబడుతూ వచ్చిన అడవుల్లో కట్టె, పొద పేరుకుపోయి, ఇప్పుడు అంటుకుంటే ఊళ్లకు ఊళ్లే పోతున్నాయి. 2018లో కాలిఫోర్నియాలో పారడైజ్ అనే ఊరు దాదాపు మొత్తం కాలిపోయి 85 మంది చనిపోయారు. మన తెలుగు కుటుంబాలు అక్కడ ఎన్ని ఉన్నాయో మీకు తెలుసు, ఆ పొగ రోజుల్లో మా బంధువుల పిల్లలు కూడా కిటికీలు మూసుకుని ఇంట్లోనే ఉన్నారు. ఇప్పుడు వాళ్లు ఏ అడవిలో ఏ నెలలో ఎంత తగలబెట్టాలో, ఎక్కడ పొద కొట్టేయాలో ముందే రాసుకుని చేస్తున్నారు. అందులోనూ తప్పులున్నాయి. 2022లో న్యూ మెక్సికోలో ప్రభుత్వ సిబ్బందే ప్లాన్ ప్రకారం పెట్టిన మంట చేయి దాటిపోయి ఆ రాష్ట్ర చరిత్రలోనే అతి పెద్ద కార్చిచ్చు అయింది. కాబట్టి వాళ్లను కాపీ కొట్టమని చెప్పడం లేదు, మన అడవీ వాళ్ల అడవీ ఒకటి కాదు. కానీ అడవిలో పేరుకున్న ఎండు సరుకును లెక్క కట్టి, మంట రాకముందే దాని సంగతి చూడాలన్న మాట మాత్రం ఏ దేశానికైనా వర్తిస్తుంది.

ఇక మన దగ్గర జరిగే పని. ఫైర్ లైన్లు అంటే అడవిని ముక్కలు ముక్కలుగా విడదీస్తూ ఆకూ గడ్డీ లేకుండా చేసిన బాటలు. మంట అక్కడికి వచ్చి, తినడానికేమీ లేక ఆగిపోవాలి. కాగితం మీద ఇన్ని కిలోమీటర్లు శుభ్రం చేశామని ఉంటుంది. నిజంగానే చేస్తారు కూడా. కానీ జనవరిలో ఊడ్చిన లైను ఫిబ్రవరి చివరికి వెళ్లి చూస్తే మళ్లీ ఆకుతో నిండిపోయి, లైను ఎక్కడో అడవి ఎక్కడో తెలియకుండా ఉంటుంది, ఎందుకంటే టేకు ఆకు రాలడం మార్చి దాకా ఆగదు. ఒకసారి ఊడ్చినందుకు బిల్లు అయిపోయింది, రెండోసారికి డబ్బుల్లేవు. ఆకును గాలితో ఊదేసే బ్లోయర్ మిషన్లు ఇచ్చారు, మంచిదే, పని వేగంగా అవుతుంది, కానీ పెట్రోలు ఎవరు పోయాలి, చెడిపోతే ఎవరు బాగుచేయాలి అన్నది కూడా ప్లాన్‌లో ఉండాలి. మా ఊరి కుర్రాడు ఒకడు రెండు వారాలు చెడిపోయిన బ్లోయర్ పక్కన పెట్టి చీపురుకట్టతో లైను ఊడ్చాడు. ఏ ఆఫీసు అన్నది ఇక్కడ అనవసరం, అన్ని చోట్లా ఇదే వరస.

కార్చిచ్చు నివారణకు కేంద్రం స్కీము ఉంది, మన రాష్ట్రాలకు ఖర్చులో 60 పాళ్లు కేంద్రం, 40 పాళ్లు రాష్ట్రం పెట్టుకోవాలి. 2018లో జాతీయ కార్యాచరణ ప్రణాళిక కూడా రాశారు. పులుల అభయారణ్యాలకైతే చట్టం ప్రకారమే ఒక సంరక్షణ ప్రణాళిక ఉండాలి. నాగార్జునసాగర్-శ్రీశైలం అంటే చుట్టూ ఉండే బఫర్ అడవితో కలిపి దాదాపు 3,300 చదరపు కిలోమీటర్లు, కృష్ణకు అవతల తెలంగాణలోని అమ్రాబాద్ 2,600 పైన. మధ్యలో నది తప్ప అంతా ఒకటే అడవి, ఒకటే ఆకు. రాష్ట్రాలు రెండయ్యాక ప్లాన్లూ రెండయ్యాయి. లైన్లు, వాచర్లు, వైర్‌లెస్సు, నీటి ట్యాంకర్లు ఇవన్నీ రెండు వైపుల వాళ్లూ ఏటా ఒక్కసారైనా కలిసి కూర్చుని చూసుకోవాలి. మీటింగు ఫిబ్రవరిలో పెడితే లాభం లేదు. వానలు వెనక్కి పోయి గడ్డి ఇంకా పచ్చి ఉండగానే, అంటే అక్టోబరు నవంబరుల్లో పెట్టాలి. డబ్బు డిసెంబరుకల్లా రేంజి అటవీ ఆఫీసుకు చేరాలి. మార్చిలో చేరే డబ్బుతో ఏం చేస్తారు, కాలిన బూడిద ఊడుస్తారా?

శాటిలైట్ అలర్టుల గురించి గొప్పగా చెప్తారు. అది నిజంగా మంచి ఏర్పాటే, 2004 నుంచీ ఫారెస్ట్ సర్వే వాళ్లు ఇస్తున్నారు, 2017 తర్వాత 375 మీటర్ల గడిలో కూడా మంటను పట్టే సెన్సర్ వాడుతున్నారు, పేరు నమోదు చేసుకుంటే మామూలు మనుషులకు కూడా ఫోనుకు మెసేజ్ వస్తుంది. కానీ శాటిలైటు తల మీదుగా పోయిన సమయంలో కనపడిన మంటే అది, మధ్యలో అంటుకుని ఆరినవి, చెట్ల నీడలో మెల్లగా పాకేవి దానికి చిక్కవు. అలర్ట్ వచ్చి, అది రేంజి నుంచి బీటుకు చేరి, వాచరు బండి దిగి కొండెక్కేసరికి మంట గట్టు దాటి ఉంటుంది. పైగా ఈ మధ్య అలర్టుల సంఖ్య తగ్గితే పని బాగా జరిగినట్టు లెక్క వేస్తున్నారు. వానలు ఆలస్యంగా వెనక్కి వెళ్లిన ఏడాదిలో అలర్టులు వాటంతటవే తగ్గుతాయి. ఎంత కాలింది, అదే గట్టు ఐదేళ్లలో ఎన్నిసార్లు కాలింది, ఎన్ని లైన్లు మార్చి దాకా శుభ్రంగా ఉన్నాయి, ఎన్ని ఎకరాల లంటానా పీకారు, ఈ లెక్కలు అడగాలి. శాటిలైటు పాత డేటా అంతా ఉంది కదా, అదే గట్టు మళ్లీ మళ్లీ కాలుతోందంటే అక్కడ ఎవరో ఏదో అవసరానికి అంటిస్తున్నారని అర్థం.

ఆ అవసరం ఏంటో దాచిపెట్టుకోకుండా మాట్లాడుకుందాం. పిడుగు పడి అంటుకునేవి ఎక్కడో ఒకటి, మిగతావన్నీ మనుషుల చేతి పనే. ఇప్పచెట్టు కింద పూలు ఏరుకోవాలంటే ఎండుటాకుల్లో పువ్వు కనపడదు, అందుకని కింద ఆకు తగలబెడతారు, ఆర్పకుండా పోతారు. తునికాకు బాగా చిగురించాలని నిప్పు పెట్టడం పాత అలవాటు. పశువుల కాపరులు కొత్త పచ్చిక కోసం పెడతారు. తేనె తీసేటప్పుడు పొగ కోసం చేసిన కాగడా కింద పడుతుంది. వేటగాళ్లు పెడతారు. రోడ్డు మీద పోతూ బీడీ ముక్క విసిరే వాళ్లున్నారు. రిజర్వు ఫారెస్టులో నిప్పు పెట్టడం నేరమే, కేసులు పెట్టాల్సిన వాళ్ల మీద పెట్టండి. కానీ ఇప్పపువ్వు ఏరుకునే ఆడమనిషి మీద కేసు పెట్టడం కంటే ఆమెకో వల ఇవ్వడం తేలిక. ఛత్తీస్‌గఢ్‌లో చెట్టు కింద వల కట్టి పువ్వు నేలకు తగలకుండా పడుతున్నారు, మట్టి అంటని పువ్వుకు ధర కూడా ఎక్కువ. మన గిరిజన సహకార సంస్థ ఆ పని ఇక్కడ పెద్ద ఎత్తున చేస్తే మంటా తగ్గుతుంది, వాళ్లకో రూపాయీ మిగులుతుంది. తునికాకు కాంట్రాక్టరుకు ఇచ్చే ఒప్పందంలో, చిగురు కోసం కొమ్మలు కొట్టించాలే తప్ప నిప్పు పెట్టించకూడదని, తన యూనిట్‌లో నిప్పు పడితే డబ్బు కోత అని గట్టిగా రాయాలి, రాసింది అమలు చేయాలి.

యాత్రికుల మాట కూడా రాయక తప్పదు, నేను కూడా మల్లన్న భక్తుడినే. శివరాత్రికి, ఉగాదికి కర్ణాటక నుంచి వచ్చే భక్తులు వెంకటాపురం, నాగలూటి, పెచ్చెరువు, భీముని కొలను మీదుగా అడవిలో నడిచి శ్రీశైలం చేరతారు. అమ్రాబాద్ వైపు చైత్ర పౌర్ణమికి సలేశ్వరం జాతర. ఈ మూడూ సరిగ్గా ఆకు ఎండి నేల నిండా ఉన్న రోజుల్లోనే వస్తాయి. అన్నం వండుకోవడానికి మూడు రాళ్లు పెట్టి పొయ్యి రాజేస్తారు, తెల్లారి బయల్దేరేటప్పుడు నీళ్లు పోసే ఓపిక అందరికీ ఉండదు, పైగా ఆ గట్టు మీద నీళ్లు ఎక్కడివి. దారిని మూసేయమని ఎవరూ అడగరు, నేనూ అడగను. దారికి రెండు వైపులా యాత్రకు పది రోజుల ముందు ఆకు ఊడ్చి, ఊడ్చిన ఆకును పొద్దున్నే మంచు తడి ఉండగా దగ్గరుండి కాల్చేసి, ఆగే చోట్ల వండిన అన్నం దొరికేలా చేస్తే పొయ్యిలు చాలావరకు తగ్గుతాయి. అన్నదానం చేసే సత్రాలు, ట్రస్టులు ఎన్నో ఉన్నాయి, వాళ్లను ఈ పనిలో కలుపుకోవాలి.

అన్నిటికన్నా నా మనసులో బలంగా ఉన్నది చెంచుల సంగతి. బైర్లూటి చుట్టుపక్కల గూడేల్లో పెద్దవాళ్లను కదిలిస్తే, ఏ గట్టు మీద గాలి మధ్యాహ్నం ఎటు తిరుగుతుందో, ఏ వాగులో మార్చిలో కూడా చెలమ ఉంటుందో, మంట ఎక్కడ ఎదురగ్గి పెడితే ఆగుతుందో వేళ్ల మీద చెప్తారు. మంట ఆర్పడానికి వీళ్లనే పిలుస్తారు, ప్లాన్ రాసేటప్పుడు మాత్రం పిలవరు. కర్ణాటకలో బిళిగిరి రంగన కొండల్లో సోలిగలు అనే గిరిజనులు పూర్వం ఏడాది మొదట్లోనే, ఆకు పూర్తిగా ఎండకముందే, చిన్న మంటలు పెట్టి నేలను పలచన చేసేవాళ్లు. అది ఆపేశాక లంటానా అడవంతా అల్లుకుందని వాళ్లు అంటారు. అందరు శాస్త్రవేత్తలూ ఒప్పుకుంటారని నేను చెప్పడం లేదు. కానీ పక్కనే ఉన్న బందీపూర్‌లో 2019 ఫిబ్రవరిలో వేల ఎకరాలు ఒక్క ఊపున కాలిపోయాయి, అగ్గే లేకుండా కాపాడతామన్న చోట కూడా అడవి మిగల్లేదు. అడవి నడిమి కోర్ ఏరియాలో వద్దు, బఫర్‌లో, గూడేల చుట్టూ, రోడ్ల పక్కన చిన్న చిన్న ముక్కల్లో జనవరి చల్లదనంలో చెంచులూ సిబ్బందీ కలిసి దగ్గరుండి ఆకు కాల్చి, పక్కన కాల్చని ముక్కతో పోల్చి నాలుగేళ్లు చూడండి. ఒకే ముక్క ఏటా కాల్చకూడదు, మొక్క తలెత్తడానికి ఏళ్లు వదలాలి. 2006 అటవీ హక్కుల చట్టం గ్రామసభకు తమ అడవిని కాపాడుకునే హక్కు ఇచ్చింది, హక్కు పత్రం ఇచ్చి ప్లాన్‌లో చోటివ్వకపోతే ఆ కాగితం దేనికి?

మంట చేయి దాటితే ఎంత ఖర్చో మనం చూశాం. 2014 మార్చిలో శేషాచలం కొండల్లో మంటలు తిరుమల దగ్గరికి వచ్చేసరికి వైమానిక దళం హెలికాప్టర్లు వచ్చి పై నుంచి నీళ్లు కుమ్మరించాయి. అక్కడున్నది ఎర్రచందనం, ప్రపంచంలో మన కొండల్లో తప్ప ఇంకెక్కడా సహజంగా పెద్దగా పెరగని చెట్టు. నల్లమల లోపల గట్టు కాలితే హెలికాప్టరు రాదు, పచ్చి కొమ్మ పట్టుకున్న మనిషే వెళ్తాడు. తమిళనాడులో తేని దగ్గర కురంగణి కొండ మీద 2018 మార్చిలో ట్రెక్కింగుకు వెళ్లిన వాళ్లు మంటలో చిక్కుకుని 20 మందికి పైగా చనిపోయారు, గడ్డి కొండ మీద మంట మనిషి పరుగు కంటే వేగంగా ఎక్కుతుంది. మన వాచర్లు అదే గడ్డిలోకి రబ్బరు చెప్పులతో దిగుతున్నారు. నేను చూసిన ఒక కుర్రాడి అరికాలు చెప్పు కరిగి అంటుకుపోయి, పొర ఊడి వచ్చింది, వారం రోజులు బీట్‌కు పోలేదు, ఆ వారం కూలీ రాలేదు.

నేను అడుగుతున్నవి పెద్ద కోరికలు కావు. రేంజి రేంజికీ మంట ప్లాన్ తెలుగులో రాసి, ఏ లైను ఎవరు ఏ నెలలో శుభ్రం చేస్తారో, ఎంత డబ్బో, అంచు ఊళ్ల గ్రామసభల్లో చదివి వినిపించండి, పంచాయతీ గోడకు అంటించండి. లైన్లకు రెండుసార్లు ఊడ్పు డబ్బు పెట్టండి. ఫైర్ వాచర్లను మంట పడ్డాక కాదు, జనవరి మొదటి వారంలో పెట్టుకోండి, తోలు బూట్లు, నీళ్ల డబ్బా, టార్చి, బీమా ఇచ్చాకే కొండెక్కించండి. పోయిన సీజన్ కూలీ బాకీ ఉన్న చోట కొత్త సీజన్ మొదలయ్యేలోపు ఖాతాల్లో వేయండి.

ఇట్లు,
నల్లమల అంచు ఊరి పాఠకుడు,
ఆత్మకూరు మండలం, నంద్యాల జిల్లా.